రిసీవర్‌ని ఎలా ఎంచుతారు? నేను పట్టిందల్లా మట్టే అవుతోంది

ఫ్రిస్కో_బాబాయ్
అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లని కాగితం మీద టీమ్‌గా ఎంచుకుని, ఏటేటా వాళ్లనే అట్టిపెట్టుకుని ఆడే మా డైనాస్టీ ఫాంటసీ లీగ్‌లో పన్నెండు మందిమి, ఇద్దరు తప్ప అందరం తెలుగోళ్లమే. 2020 రూకీ డ్రాఫ్ట్‌లో (కాలేజీ నుంచి కొత్తగా వచ్చినవాళ్లని వంతులవారీగా ఎంచుకోవడం) నేను హెన్రీ రగ్స్‌ని తీసుకున్నా, రిసీవర్, అంటే విసిరిన బంతి పట్టి యార్డులు సంపాదించేవాడు. కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్లకి పెట్టే పరీక్షల్లో) 40 యార్డులు 4.27 సెకన్లలో పరిగెత్తాడు, అసలు డ్రాఫ్ట్‌లో రెయిడర్స్ 12వ పిక్‌లో రిసీవర్లందరికంటే ముందు ఎత్తుకున్నారు, ఇంకేం కావాలి అనుకున్నా. నా తర్వాత రెండు పిక్‌లకి మా బావమరిది జస్టిన్ జెఫర్సన్‌ని పట్టుకెళ్లాడు. ఆ సీజన్ రగ్స్‌కి 452 యార్డులు, జెఫర్సన్‌కి 1,400. ఏటా థాంక్స్‌గివింగ్‌కి మా ఇంటికొచ్చి, మా ఆవిడ పులిహోర తింటూ, ఆ రెండు అంకెలూ చదివి వినిపిస్తాడు.

వేగం ముంచింది కదా అని 2022లో ఒడ్డూ పొడుగూ చూసి ట్రీలన్ బర్క్స్. ఏజే బ్రౌన్‌ని ఈగల్స్‌కి ఇచ్చేసి, వచ్చిన 18వ పిక్‌తోనే టైటాన్స్ ఇతన్ని తెచ్చుకున్నారు. ఖాళీ అయిన కుర్చీ ఇతనిదే అనుకున్నా. కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. 2023లో క్వెంటిన్ జాన్‌స్టన్, మొదటి ఏడు 431 యార్డులు. అదే డ్రాఫ్ట్‌లో ఐదో రౌండ్‌లో 177వ వాడిగా పోయిన నకువా 1,486 కొట్టి రూకీ రికార్డు బద్దలు కొట్టాడు.

ఈసారి నాకు నాలుగో పిక్ ఉంది. ఫలానా వాణ్ణి తీసుకో అని పేర్లు చెప్పొద్దు. మీరు అసలు ఏం చూస్తారో చెప్పండి.

గోదారి_రెయిడర్
ఆ బావమరిదినే అడిగితే పోయేది కదండీ.

ఫ్రిస్కో_బాబాయ్
అడిగా. "అది చేతి గీతల్లో ఉంటుంది బావా" అన్నాడు.

నెల్లూరి_నైనర్
నకువా మొదటి పేరు రాయకుండా దాటేశారు చూడండి, పెద్దమనిషి తరహా. మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు రామ్స్ మ్యాచ్ పెట్టా. కామెంటేటర్ ఆ పేరు మూడుసార్లు గట్టిగా అరిచాడు. అమ్మ రిమోట్ లాక్కుని భక్తి ఛానల్ పెట్టేసింది.

లెక్కల_మాస్టారు
రగ్స్ సంగతి కంబైన్‌కి ముందే లెక్కల్లో కనపడింది. 2019లో అలబామాలో జెర్రీ జ్యూడీకి 1,163 యార్డులు, డెవాంటా స్మిత్‌కి 1,256, రగ్స్‌కి 746. సొంత కాలేజీ టీమ్‌లోనే మూడో స్థానం. క్యాచ్‌లు 40. నలుగురూ ఫస్ట్ రౌండ్ వాళ్లే (నాలుగోవాడు వాడిల్), పంపకాల్లో వాటా తగ్గింది నిజమే. కానీ స్మిత్, జ్యూడీ కూడా అదే పంపకంలో తిన్నారు కదా.

నేను మొదట చూసేది, కుర్రాడు ఏ వయసులో టీమ్ రిసీవింగ్ యార్డుల్లో చెప్పుకోదగ్గ వాటా లాక్కున్నాడు అన్నది. ఐదో వంతు దాటితే నా లెక్కలో పాస్. 'బ్రేకౌట్ ఏజ్' అంటారు. జమార్ చేజ్ 19 ఏళ్లకే 1,780 యార్డులు, 20 టచ్‌డౌన్లు. జెఫర్సన్ కూడా 19 ఏళ్లకి, అంటే 2018లో, ఎల్ఎస్‌యూ కాలేజీకి 875. పంతొమ్మిదేళ్లవాడు ఇరవై రెండేళ్లవాళ్ల మీద నెగ్గుకొచ్చాడంటే వాడికి ఇంకా ఎదుగుదల ఉంది. ఇరవై మూడేళ్లవాడు పద్దెనిమిదేళ్ల కార్నర్ల (రిసీవర్‌కి కాపలా కాసే డిఫెండర్ల) మీద చెలరేగితే, పదో తరగతి పిల్లాడు ఏడో తరగతి క్రికెట్ టీమ్‌లో సెంచరీ కొట్టినట్టే.

ఒంగోలు_గిత్త
మా తాత సంతలో ఎద్దు మూతి తెరిచి పళ్లు లెక్కపెట్టేవాడు. మాస్టారు చేసేదీ అదే, ఎక్సెల్‌లో.

టేప్_రాజా
మాస్టారూ, మీ జల్లెడలో టెర్రీ మెక్‌లారిన్ కిందికి జారిపోతాడు. 2018లో ఒహాయో స్టేట్‌కి 35 క్యాచ్‌లు, 701 యార్డులు, అదీ ఆఖరి ఏడాది. మీ లెక్కన పనికిరాడు. వాషింగ్టన్‌కి మూడో రౌండ్‌లో 76వ పిక్‌కి దొరికాడు. 2020 నుంచి 2024 దాకా వరసగా ఐదేళ్లు వెయ్యి దాటించాడు, బంతి విసిరేవాడు ఏటా మారుతున్నా కూడా.

వీడి సంగతి ముందే తెలిసిన చోటు ఒకటుంది. కాలేజీ ఆఖరి ఏడాది వాళ్లకి మొబైల్‌లో జరిగే సీనియర్ బౌల్ మ్యాచ్ ప్రాక్టీసులు (మొబైల్ అంటే అలబామాలో ఊరు, ఫోన్ కాదు). అక్కడ రిసీవర్, కార్నర్ ఒకరికొకరు ఎదురుగా నిలబడతారు. ఏ స్కీమూ కాపాడదు, పక్కన వేరే స్టారూ ఉండడు. ఆ వారం మెక్‌లారిన్‌ని ఆపినవాడు లేడు.

లెక్కల_మాస్టారు
ఒక్కడు జారిపోయాడని జల్లెడ పారేయను. జారిపోయిన మిగతా వందమంది పేర్లు మీకు గుర్తుండవు.

ఈగల్_ఎల్లయ్య
మీరంత ఒక్కొక్కన్ని పోగొట్టుకుని ఏడుస్తున్నరు. మా కథ ఇనుర్రి. 2019ల 57వ పిక్‌కి మేం ఆర్సెగా-వైట్‌సైడ్‌ని తీస్కున్నం. ఏడు పిక్‌లైనంక 64కి సీహాక్స్ డీకే మెట్‌కాఫ్‌ని తీస్కున్నరు. సర్లే పాయె అనుకున్న. 2020ల 21వ పిక్ మాది. జేలెన్ రేగర్ అన్నరు. 22వ పిక్ వైకింగ్స్‌ది. ఎవర్ని తీస్కున్నరో నేను జెప్పను, నోట్లకెల్లి రాదు.

వైజాగ్_వైకింగ్
నేను చెప్తాను ఎల్లయ్యన్నా, కష్టపడకు. జెఫర్సన్. ఆ 22వ పిక్ కూడా మా సొంతం కాదు, స్టెఫాన్ డిగ్స్‌ని బఫలోకి ఇస్తే వచ్చింది. ఒక స్టార్ పోయి, వాడి బదులు అంతకంటే పెద్ద స్టార్ వచ్చాడు. మీరు రేగర్ పేరు చెప్పగానే మా జనరల్ మేనేజర్ నవ్విన నవ్వు వీడియో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. మనసు బాలేనప్పుడు చూస్తుంటా.

ఈగల్_ఎల్లయ్య
2022ల అదే రేగర్‌ని మీరే మా దగ్గర కొనుక్కున్నరు కదనే. గా వీడియో పెట్టుకోలేదా ఫోన్ల?

వైజాగ్_వైకింగ్
😐

టేప్_రాజా
రేగర్-జెఫర్సన్ గొడవలో పనికొచ్చే ముక్క ఒకటుంది, నవ్వుల్లో పోనివ్వకండి. 2019లో కాలేజీలో జెఫర్సన్ ఎక్కువ భాగం స్లాట్‌లోనే ఆడాడు, అంటే గీత దగ్గర ఎదురుగా కార్నర్ చేతులు వేసి ఆపే పని లేని చోట. అందుకని చాలామంది "వీడు స్లాట్ రిసీవర్, బయట నిలబెడితే ప్రెస్ కవరేజ్‌కి చిక్కిపోతాడు" అని తీర్మానించేశారు. 111 క్యాచ్‌లు, 1,540 యార్డులు, 18 టచ్‌డౌన్లు కళ్ల ముందున్నా సరే. కానీ 2018లో అతను బయటే ఆడాడు. ఆ ఏడాది టేపు తీసి చూసినవాడికి జవాబు అక్కడే ఉంది. ఆఖరి సీజన్ ఒక్కటే చూసి కొలిచేస్తే ఇదే గతి.

కుర్రాడు చేసి చూపించనిది వాడికి చేతకాదని కాదు, కోచ్ అడగలేదేమో.

సీమ_సీహాక్
మెట్‌కాఫ్ పేరొచ్చింది కాబట్టి చెప్తాండా. 228 పౌండ్ల మనిషి 4.33 పరిగెత్తినాడు. అందరూ నోళ్లు తెరిసినారు. మరుసటి గంటలో త్రీ-కోన్ డ్రిల్ (కోన్‌ల చుట్టూ మలుపులు తిరిగే పరుగు) 7.38 వచ్చింది. అది 2000లో టామ్ బ్రేడీ, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్, చేసిన 7.20 కంటే నిదానమప్పా! బ్రేడీ ఫొటో మీరు చూసే ఉంటారు, చొక్కా లేకుండా, నిన్ననే మైదానానికి వచ్చిన లెక్చరర్ మాదిరి. అంతే, వీడు మలుపు తిరగలేడు, ట్రక్కు అన్నారు. రెండో రౌండ్ ఆఖరి దాకా జారినాడు. ఎనిమిది మంది రిసీవర్లు వాని ముందు పోయినారు.

మావాళ్లు ఏం జేసినారు? మలుపులు తిరగమని అడగనే లేదు. ఎడమ పక్కన నిలబెట్టి "నేరుగా పో, లేదంటే స్లాంట్ కొట్టు (ఏటవాలుగా లోపలికి పో)" అన్నారు. రస్సెల్ విల్సన్ పైకి లేపి విసిరేవాడు. తొలి ఏడే 900 యార్డులు. ట్రక్కును సందుల్లో నడిపిస్తే ట్రక్కుది తప్పా, డ్రైవరుది తప్పా?

నెల్లూరి_నైనర్
"నిన్ననే మైదానానికి వచ్చిన లెక్చరర్" 😂😂

హైటెక్_బ్రాంకో
కంబైన్ అంటే ఎంసెట్. మూడు గంటల పరీక్షకి నాలుగు నెలలు కోచింగ్. పిల్లలు జనవరి నుంచి ట్రైనర్ల దగ్గర చేరి 40కి స్టార్ట్ ఎలా తీసుకోవాలో, కాలు ఎక్కడ పెట్టాలో, అదొక్కటే రుద్దుతారు. కాలేజీ టేపు ఇంటర్ చదువు. ర్యాంకు చూసి మురిసిపోయి చదువు చూడకపోతే నాలుగేళ్లయ్యాక తెలుస్తుంది.

పద్మజ_ఇండీ
మరి ప్రో డే ఏంటి తమ్ముడూ?

హైటెక్_బ్రాంకో
ప్రాక్టికల్స్ అక్కా. సొంత కాలేజీ, సొంత గ్రౌండు, చేత్తో నొక్కే స్టాప్‌వాచీ. ముప్పైకి ముప్పై.

గోదారి_రెయిడర్
ఆయ్, మా రెయిడర్స్‌కి ఎంసెట్ ర్యాంకు పిచ్చి ముందునుంచీ ఉందండి. 2009లో 4.30 పరిగెత్తాడని డారియస్ హేవార్డ్-బేని 7వ పిక్‌లో తెచ్చారు. మైఖేల్ క్రాబ్‌ట్రీ 10 దాకా మిగిలే ఉన్నాడు. పదకొండేళ్లకి మళ్లీ రగ్స్. ఆ జబ్బు మా ఒక్కరిదే కాదు లెండి. బెంగాల్స్ 2017లో జాన్ రాస్ 4.22 చూసి 9వ పిక్ పెట్టారు. మొదటి సీజన్ మొత్తం ఒక్క క్యాచ్ లేదు. పక్కనే 10వ పిక్‌లో ఎవరు పోయారో తెలుసునా? క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్.

వైజాగ్_వైకింగ్
అదే డ్రాఫ్ట్‌లో 69వ వాడు కూపర్ కప్. 4.62. బస్సు అందుకోవడానికి పరిగెత్తినట్టు ఉంటుంది.

ఒంగోలు_గిత్త
కప్ దగ్గర మాస్టారి పళ్ల లెక్క ఏమైంది? రూకీ ఏడాదికే 24 ఏళ్లు నిండాయి. మా తాత అయితే "ముసలి గిత్త, తోలుకుపో" అనేవాడు. 2021లో క్యాచ్‌లు, యార్డులు, టచ్‌డౌన్లు మూడింట్లోనూ లీగ్ మొదటివాడు. 1,947 యార్డులు!

లెక్కల_మాస్టారు
వయసు వేరు, బ్రేకౌట్ వయసు వేరు. కప్ ముసలివాడయ్యాక వెలగలేదు. ఈస్టర్న్ వాషింగ్టన్‌లో ఆడిన మొదటి సీజన్‌లోనే 93 క్యాచ్‌లు, 1,691 యార్డులు. నాలుగేళ్లూ అదే వరస, మొత్తం 6,464. చిన్న కాలేజీ, చిన్న కార్నర్లు అంటారా, 2015లో ఆరెగాన్ మీద 15 క్యాచ్‌లు, 246 యార్డులు. నా లెక్కలో కప్ పాస్, అదీ డిస్టింక్షన్‌లో. ఫెయిల్ చేసింది స్టాప్‌వాచీ.

నేను ఒప్పుకునే తప్పు నకువా. 2022లో బీవైయూ కాలేజీకి 48 క్యాచ్‌లు, 625 యార్డులు చూసి దాటేశా. గాయాల వల్ల మ్యాచ్‌లు పోయాయి, నేను మొత్తాలు చూశా. పరిగెత్తిన రూట్‌కి ఎన్ని యార్డులు అని చూసి ఉంటే దొరికేవాడు. అప్పటినుంచి మొత్తాలు చూడటం మానేశా.

టేప్_రాజా
మాస్టారు తప్పు ఒప్పుకున్నారు. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

పద్మజ_ఇండీ
మేం ఇండియనాపొలిస్‌లోనే ఉంటాం కాబట్టి కంబైన్‌కి మావారితో ఒకసారి వెళ్లా, లూకాస్ ఆయిల్ స్టేడియంలో రిసీవర్ల రోజు. టీవీలో 40 పరుగే పదిసార్లు చూపిస్తారు గానీ, నాకు కళ్లు నిలిచిపోయింది గాంట్లెట్ డ్రిల్ దగ్గర. మైదానం అడ్డంగా ఒక గీత మీద పరిగెత్తాలి. అటొకరు ఇటొకరు నిలబడి బంతులు విసురుతుంటారు. ఒకటి పట్టడం, పడేయడం, తల రెండో వైపు తిప్పడం, ఇంకోటి పట్టడం.

మేం కింది వరసల్లో కూర్చున్నాం. కొంతసేపటికి నేను చూడటం మానేసి వినడం మొదలుపెట్టా. వేళ్లతో పడితే చిన్నగా 'టప్' అంటుంది. ఎదకి తగిలించుకుని పడితే 'ధబ్'. ఒకబ్బాయి మొదటి మూడూ టప్ టప్ టప్. నాలుగోది చేతుల్లోకి రాకముందే తల తిప్పేశాడు, ధబ్, జారింది. అప్పట్నుంచి భయం పట్టుకుంది, మిగతావన్నీ ధబ్బులే, పాదాలు గీత దాటిపోయాయి. ఇంకో అబ్బాయి వెనకనుంచి వచ్చాడు. ఒక్క బంతికి కూడా నడక తగ్గలేదు, చీరకుచ్చిళ్లు పట్టుకుని మెట్లు దిగినంత తేలిగ్గా గీత మీదే పోయాడు. ఇద్దరి 40 టైమూ బోర్డు మీద దాదాపు ఒకటే.

ఫ్రిస్కో_బాబాయ్
పద్మజ గారూ, ఇదే నాకు కావాల్సింది. నా జాన్‌స్టన్ బాబు అన్నీ ధబ్బులే. అంత పొడుగు చేతులుండీ బంతిని ఒళ్లోకి లాక్కుని పడతాడు. కాలేజీ టేపులోనూ అదే ఉందట, నేను హైలైట్లే చూశా.

కేటీ_కోచ్
(కేటీ అంటే టెక్సస్‌లో ఊరు)
మా పిల్లాడి ఫ్లాగ్ ఫుట్‌బాల్ టీమ్‌కి శనివారాలు కోచింగ్ చేస్తుంటా, పదకొండేళ్ల పిల్లలు. మా టీమ్‌లో అందరికంటే వేగంగా పరిగెత్తేవాడికి బంతి వేయడానికి మా క్యూబీ (క్వార్టర్‌బ్యాక్) పిల్లాడు భయపడతాడు. ఎందుకంటే బంతి గాల్లో ఉండగానే వాడు రెండు చేతులూ చాపేస్తాడు. చేతులు లేచాయంటే వెనకున్న డిఫెండర్‌కి సైరన్ మోగినట్టే, బంతి చూడకుండానే వాటి మధ్యలో చెయ్యి పెట్టేస్తాడు. ఇంకొకడున్నాడు, కాస్త బొద్దుగా ఉంటాడు, పరుగు అంతంతమాత్రం. ఆఖరి క్షణం దాకా చేతులు నడుం దగ్గరే. బంతి ముక్కు దగ్గరికొచ్చాక తీస్తాడు, జేబులోంచి తాళంచెవి తీసినట్టు. టచ్‌డౌన్లన్నీ వాడివే.

దీన్ని 'లేట్ హ్యాండ్స్' అంటారు. పెద్దవాళ్ల టేపులో కూడా నేను అదే వెతుకుతా.

చికాగో_చిన్నోడు
అన్నా ఆ బొద్దు పిల్లాడు డ్రాఫ్ట్‌కి ఎప్పుడొస్తాడు? మా బేర్స్‌కి చెప్తా.

హైటెక్_బ్రాంకో
డ్రాప్స్ మీద మరీ రాద్ధాంతం వద్దు. 2021 ప్రీసీజన్‌లో జమార్ చేజ్ చేతుల్లోంచి బంతులు జారుతుంటే ఎంత గోల. కాలేజీ బంతి మీద తెల్ల చారలుంటాయి, ఈ బంతికి లేవు, కనపడట్లేదన్నాడు. అందరూ నవ్వారు. సీజన్ మొదలయ్యాక 1,455 యార్డులు. డిఫెండర్ని వదిలించుకుని తెరిపి దొరికించుకోవడం చేతనైనవాడికి జారిన బంతి మళ్లీ వస్తుంది. దొరికించుకోలేనివాడికి బంతే రాదు.

ఈగల్_ఎల్లయ్య
గది కరెక్ట్. మీద పడ్డోన్ని తోసి ఎగిరి పట్టుడు యూట్యూబ్‌ల మస్తుగుంటది. నాకైతే గది చూస్తే భయమైతది. ఎందుకు ఎగురుతున్నవ్ బిడ్డా? ఎవడో ఆనుకుని ఉన్నడు కాబట్టి. ఖాళీగుంటే ఎగిరే పనేముంది? 2019ల పేట్రియట్స్ 32వ పిక్‌కి నికీల్ హ్యారీని గా ఎగురుడు చూసే తీస్కున్నరు.

టేప్_రాజా
ఎల్లయ్యన్న బంగారం లాంటి మాట చెప్పాడు. ఇక టేపు చూసే వాళ్లకి ఒక చిక్కుంది. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది. రిసీవర్ పది యార్డులు దాటగానే ఫ్రేమ్‌లోంచి మాయం, మళ్లీ క్యాచ్ దగ్గర ప్రత్యక్షం. మధ్యలో జరిగిన అసలు కథ కనపడదు. అందుకని నేను మొదటి రెండు అడుగులే చూస్తా, అవి ఎప్పుడూ ఫ్రేమ్‌లో ఉంటాయి. ఎదురుగా కార్నర్ ముక్కు మీద నిలబడ్డప్పుడు వీడు ఏ కాలు కదుపుతాడు, భుజం ఎలా తప్పిస్తాడు, కార్నర్ తుంటి ఎటు తిరిగింది. తుంటి తిరిగిందంటే వీడు నెగ్గాడు, బంతి వచ్చినా రాకపోయినా. మ్యాచ్‌కి ఇలా పదిసార్లు లెక్కేస్తా.

ఇంకోటి, బాగా ఆడిన మ్యాచ్ చూడను. టీమ్‌కి ఎదురైన కార్నర్లలో గట్టివాడు ఎవడో, ఆ మ్యాచ్ చూస్తా.

నెల్లూరి_నైనర్
మీకు ఉద్యోగం లేదా అన్నా?

టేప్_రాజా
వర్క్ ఫ్రమ్ హోమ్.

సీమ_సీహాక్
అందరూ వేగాన్ని తిడతాండారు గానీ, జేవియర్ వర్దీని యాడికి పెడతారు? 4.21, రాస్ రికార్డు పాయె. 165 పౌండ్లు. 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఫైనల్‌లో చీఫ్స్ ఓడిపోయినా వీడు మాత్రం 157 యార్డులు కొట్టినాడు.

లెక్కల_మాస్టారు
వర్దీ టెక్సస్‌లో మొదటి ఏడాదే 981 యార్డులు, 12 టచ్‌డౌన్లు. వేగం లేకపోయినా నా జల్లెడలో నిలిచేవాడే.

ఈగల్_ఎల్లయ్య
గా సూపర్ బౌల్‌ల గెలిచిందెవరో గూడ రాయుర్రి. 40-22. ఊకె గుర్తు జేస్తున్న.

చికాగో_చిన్నోడు
ఏ టీమ్‌కి పోతాడన్నది ఎవరూ మాట్లాడట్లేదేం? ఫాంటసీలో నాకు సగం అదే. మంచి క్యూబీ ఉంటే ఎవడైనా పట్టేస్తాడు.

గోదారి_రెయిడర్
2022లో టైరీక్ హిల్‌ని మయామీకి పంపేశాక చీఫ్స్ 54వ పిక్‌లో స్కై మూర్‌ని తీసుకున్నారండి. మహోమ్స్ విసురుతాడు, ఇంకేటి అని మా లీగ్‌లో ఎగబడ్డారు. మొదటి ఏడు 250 యార్డులు. బాబాయ్ గారి బర్క్స్ కథా అదే కదండీ, కుర్చీని చూశారు, కూర్చునేవాణ్ణి చూళ్లేదు.

ఫ్రిస్కో_బాబాయ్
గుచ్చుకుంది గానీ నిజమే.

పద్మజ_ఇండీ
మలిక్ నాబర్స్‌ని చూడండి. 2024లో మూడు చేతులు మారిన క్యూబీలతో జెయింట్స్‌లో 109 క్యాచ్‌లు, 1,204 యార్డులు. అదే డ్రాఫ్ట్‌లో అతని కంటే ముందు 4వ పిక్‌లో పోయిన మార్విన్ హ్యారిసన్ జూనియర్‌కి 885. కంబైన్‌లో పరిగెత్తలేదు, ప్రో డేలో పరిగెత్తలేదు, నాన్న హాల్ ఆఫ్ ఫేమర్, అడగడానికి అందరికీ మొహమాటం.

ఒంగోలు_గిత్త
పెద్దింటి సంబంధం అక్కా. పెళ్లిచూపుల్లో పాట పాడమని ఎవరడుగుతారు?

హైటెక్_బ్రాంకో
885 యార్డులు, 8 టచ్‌డౌన్లు కూడా తక్కువేం కాదు. మనవాళ్లకి ఫస్ట్ ర్యాంక్ తప్ప ఏదీ ఆనదు.

ఫ్రిస్కో_బాబాయ్
వారం తర్వాత వస్తున్నా. టేప్_రాజా చెప్పినట్టు ఇద్దరు కుర్రాళ్లవి చెరి రెండు మ్యాచ్‌లు, రాత్రి పిల్లలు పడుకున్నాక చూశా. కాగితం మీద గీతలు కొడుతూ. మొదటివాడు అందరి మాక్ డ్రాఫ్టుల్లో (ముందస్తు అంచనాల్లో) పైనున్నాడు. ప్రెస్ కవరేజ్ పదిహేడుసార్లు ఎదురైతే కార్నర్ తుంటి తిరిగింది ఐదుసార్లు. టచ్‌డౌన్లు మాత్రం రెండు, రెండూ ఎగిరి పట్టినవే. ఎల్లయ్యన్న గుర్తొచ్చాడు. రెండోవాడికి టచ్‌డౌన్ ఒక్కటీ లేదు, బంతులే సరిగ్గా రాలేదు. కానీ పన్నెండుసార్లలో తొమ్మిదిసార్లు కార్నర్ వెనక్కి తిరిగి పరిగెత్తుతున్నాడు. ఒకసారైతే మరీ, వీడు నిలబడ్డ చోటనే భుజం అటు ఊపి ఇటు పోయాడు, కార్నర్ మోకాలి మీద కూలబడ్డాడు. బంతి వేరేవాడికి వేశారు. ఎవరూ చూడలేదు, కామెంటేటర్ కూడా ఏమీ అనలేదు. నేను రాత్రి పన్నెండున్నరకి సోఫాలోంచి లేచి "అబ్బా" అన్నా. మా ఆవిడ లేచొచ్చి ఏమైందంది.

సౌండ్ ఆపి మళ్లీ నాలుగుసార్లు చూశా.

చికాగో_చిన్నోడు
పేరు చెప్పు బాబాయ్!!

ఫ్రిస్కో_బాబాయ్
చెప్పను.

వైజాగ్_వైకింగ్
ఇంతసేపు అందరం ఉన్నవన్నీ చెప్పేశాం, ఇదేం న్యాయం?

ఫ్రిస్కో_బాబాయ్
మా బావమరిదికి మూడో పిక్ ఉంది. ఈ థ్రెడ్‌లో వాడు వేరే పేరుతో ఉన్నాడని నాకు నిన్ననే తెలిసింది. పులిహోర సంగతి రాసిన రోజే వాడు ఫోన్ చేసి నవ్వాడు.

గోదారి_రెయిడర్
అయితే ఏటండి బావగారూ, ఈ నవంబర్‌లో పులిహోర ఉంటదా, ఉండదా?